ఆధారం సారూ, గండికోట మేకలూ

ప్రొద్దుటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రహమతుల్లా సారు తన కంటితో చూడనిదేదీ నమ్మేవాడు కాదు. నమ్మకపోతే పోనీ, ఊరుకుంటాడా అంటే అదీ లేదు. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, "ఆధారమేంది?" అనేవాడు. ఊళ్లో ఆయన అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. ఆధారం సారు అంటేనే రిక్షా ఇంటి ముందు ఆగేది.

"జమ్మలమడుగు బస్సు ఇప్పుడే పోయింది సార్" అన్నాడు ఒకరోజు బస్టాండులో టీ కొట్టతను.

"ఆధారమేంది?"

"అదో, దుమ్ము!"

దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. సారు తృప్తిగా కూర్చుని టీ చెప్పాడు. బస్సు పోయినందుకు ఆయనకేం బాధ లేదు. రుజువు దొరికింది కదా!

తోటి లెక్చరరు కూతురి పెళ్లి పత్రిక తెచ్చి, "పులివెందుల సంబంధం సార్, పిల్లోడు శానా బుద్ధిమంతుడు" అన్నా అదే ప్రశ్న. ఆ ఆదివారమే సారు పులివెందుల పోయి, పెళ్లికొడుకు వీధిలో పొద్దంతా తిరిగి, నలుగురినీ విచారించి వచ్చాడు. పెళ్లిలో ఆడపెళ్లివాళ్లకంటే ధీమాగా భోంచేసింది ఆయనే. ఇంట్లో మాత్రం ఈ ఆటలు సాగేవి కావు. కూరలో ఉప్పు సరిపోయిందనడానికి ఆధారమేమిటని అడిగితే, భార్య బిస్మిల్లా బీ, "ఆధారం మీ తట్టలోనే ఉండాది, తినండి" అని కంచం చూపించేది.

ఇంత అపనమ్మకం ఊరికే పోలేదు. మద్రాసు నుంచి వచ్చే ఒక సైన్సు పత్రిక ఆయన్ను పరిశీలకుడిగా పెట్టుకుంది. ఎవరైనా వ్యాసం పంపితే అది అచ్చుకు తగునో కాదో చదివి చెప్పాలి. జీతం లేదు, పేరు బయటికి రాదు. మిగతా పరిశీలకులు కుర్చీలో కూర్చుని చదివి అభిప్రాయం రాసేవారు. మన సారు వ్యాసంలో ఉన్న పనంతా మళ్లీ తాను చేసి చూసేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఐదారేళ్లకు ఆ కాలేజీలో ఆయన పక్క కుర్చీలోకి లెక్చరరుగా సుశీలమ్మ వచ్చింది. జమ్మలమడుగు పిల్ల. మేకలు తిన్న తుమ్మగింజలు మామూలు గింజలకంటే బాగా మొలుస్తాయని కనిపెట్టింది. గండికోటలో మేకల దొడ్డికి పొద్దున్నే పోయి, పెంటికల మధ్య గింజలు ఏరుకొచ్చి, కుండీల్లో మొలిపించి, వ్యాసం రాసి ఆ పత్రికకే పంపింది. ఆడపిల్లకు ఈ మేకల శాస్త్రమేందని స్టాఫ్‌రూము నవ్వుతూనే ఉంది. వ్యాసం తిరిగొస్తే ఇక ఆ నవ్వుకు అడ్డూ ఆపూ ఉండదు. అందుకే ఆమె రోజూ పోస్టుమాను దారి కాచేది.

సంపాదకుడు ఆ వ్యాసాన్ని రహమతుల్లా సారుకే పంపాడు. "ఈ అమ్మాయిది నా పక్క కుర్చీ, ఇంకొకరికి పంపండి" అని సారు తిరిగి రాశాడు. "పక్క కుర్చీని కూడా మీరు నమ్మరని మాకు తెలుసు, మీరే చూడండి" అని జవాబొచ్చింది.

చివరికి సుశీలమ్మకు పత్రిక నుంచి కవరు వచ్చింది. "గింజలు మేక కడుపులోంచి పెంటికలతో వచ్చాయనడానికి ఆధారమేమిటి? రచయిత్రి కళ్లారా చూశారా? చూసి, సరిచేసి పంపండి." అంతే. అడిగినవాడి పేరు లేదు.

సుశీలమ్మ కవరు బల్లమీద విసిరికొట్టింది. "చూడండి సార్! దొడ్డిలో పెంటికల మధ్య దొరికిన గింజ ఇంక యాన్నుంచి వస్తాది? మద్రాసులో ఫ్యాను కింద కూసున్నోడికి మేకంటే ఏందో తెలుసునా?"

ఆ ఫ్యాను కింది మనిషి ఎదురుగానే బొరుగులు తింటున్నాడని ఆమెకు తెలియదు. "మూర్ఖుడి మాదిరి ఉండాడు" అన్నాడు సారు.

"మూర్ఖుడు కాదు సార్, గాడిద!"

"గాడిదే" అని ఒప్పుకున్నాడాయన. "అయినా తల్లీ, గింజ రాలేటప్పుడు నువ్వు చూసినావా?"

సుశీలమ్మ గొంతు తగ్గింది. "చూల్లేదు సార్. పొద్దున పోయి ఏరుకొచ్చినా, అంతే."

"అయితే పోయి చూసి రా. గాడిద నోరు మూయించు."

ఆ ఆదివారం తల్లి గురవమ్మను వెంటబెట్టుకుని సుశీలమ్మ గండికోట పోయింది. మిట్టమధ్యాహ్నం మేకలు కోటగోడ నీడలో పడుకుని నెమరు వేస్తున్నాయి. తల్లీకూతుళ్లు వాటి పక్కనే కూర్చున్నారు. కాసేపటికి గురవమ్మ కెవ్వున అరిచింది.

"అమ్మే! ఈ పాడు మేక నా కోక మీద ఉమ్మింది!"

కోకమీద పచ్చటి నెమరు, దాని మధ్యలో నల్లగా ఒక తుమ్మగింజ!

సుశీలమ్మ వంగి చూసింది. పక్క మేకా ఉమ్మింది, దాని పక్కదీ ఉమ్మింది. మింగిన కాయను మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలి, గింజను నోటి పక్కనుంచి వదిలేస్తున్నాయి. తాను రాసింది తప్పు. కానీ ఇప్పుడు చూసింది తాను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఎగిరి గంతేసింది.

మేకల కాపరి పీర్ సాహెబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందమ్మా, మీ కాలేజోళ్లకు మేక ఉమ్మితే ఇంత సంబరమా? పోయిన నెల నల్లగొడుగు సారొకడు వచ్చి మూడు పూటలు ఈడనే కూసున్యాడు. ఇది నా మేక అంటే కూడా ఆధారమేంది అన్యాడు! ఆ బొల్లిమేక ఆయన టోపీ మీదనే ఉమ్మింది. తిడతాడేమో అనుకుంటే, దాని గడ్డం పట్టుకోని షుక్రియా చెప్పినాడు!"

సుశీలమ్మకు చెవులు వేడెక్కాయి. గాడిద ఎవరో తెలిసిపోయింది. దాంతోపాటు ఇంకొకటీ తెలిసింది. సారు తనకంటే ముందే అంతా చూశాడు. గింజలు నోట్లోంచి వస్తాయని ఒక్క ముక్క రాస్తే ఆయన పని తీరిపోయేది. కానీ అప్పుడు ఆ సంగతి కనిపెట్టింది ఆయనయ్యేవాడు. అందుకే జవాబు దాచుకుని, ప్రశ్న మాత్రం పంపాడు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఆయనమీద కొండంత గౌరవమూ కలిగింది.

వ్యాసం మళ్లీ రాసి పంపింది. అచ్చయింది. పేరు కింద ప్రొద్దుటూరు అని ఉంది. స్టాఫ్‌రూములో నవ్విన నోళ్లే, "మా సుశీలమ్మ" అనడం మొదలుపెట్టాయి. గురవమ్మకు ఇంగ్లీషు రాకపోయినా, ఆ పత్రిక పట్టుకుని జమ్మలమడుగంతా తిరిగింది. "ఇందులో రాసిన మేక ఉమ్మింది నా కోక మీదనే, తెలుసునా?" అని ఇంటింటా చెప్పుకుంది.

సుశీలమ్మ మైసూరుపాకు తీసుకుని సారు ఇంటికి పోయింది.

"సార్, ఆ గాడిద ఎవరో తెలిసిపోయింది."

"ఆధారమేంది?" అన్నాడు సారు, అలవాటు కొద్దీ.

ఆమె ఆయన టోపీ అంచున ఉన్న పచ్చటి మరకను వేలితో చూపించింది.

"యాడ పూసుకొచ్చినారో చెప్పరు. నాలుగుసార్లు ఉతికినా పోలేదు తల్లీ" అంది లోపలి గడపలోంచి చూస్తున్న బిస్మిల్లా బీ.

సారు టోపీ తీశాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు సర్దుకుని, మరకను శానాసేపు పరిశీలించాడు. తర్వాత టోపీ తలమీద పెట్టుకుని, మైసూరుపాకు ముక్క అందుకున్నాడు.

"ఆధారం గట్టిదే తల్లీ. అచ్చుకు పంపొచ్చు."