డాక్టరుగారి పెట్రోలు ట్యాంకు

“నేనేం ముట్టుకోలేదు” అన్న మాట వింటే అబిగేయిల్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమెది చీరాల. డబ్లిన్‌లో ఆటోమొబైల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేసి, క్లాండాల్కిన్‌లో ఒక ట్యూనింగ్ గ్యారేజీలో చేరింది. మామూలు కార్లకి పెద్ద టర్బోలు బిగించి, కంప్యూటర్లో సెట్టింగులు మార్చి, వాటి శక్తి పెంచే చోటు అది. అలాంటి కార్లంటే పిచ్చి కాబట్టే ఆ పని కోరి తెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ పిచ్చి సగం వదిలింది. వచ్చేవాళ్ళలో చాలామంది వీడియోలు చూసి ఇంట్లోనే కారుని కెలికేవాళ్ళు. అది మొరాయించాక తీసుకొచ్చి అమాయకంగా నిలబడేవాళ్ళు. ఏం చేశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు.

మిగతా సగం డాక్టర్ యుగంధర్ కారుతో వదిలింది.

యుగంధర్‌ది వరంగల్. డబ్లిన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు. జపాన్ నుంచి తెప్పించిన నీలం రంగు టర్బో కారు ఆయనకి ప్రాణం. ఊళ్ళో తిరిగినంతసేపూ బాగానే ఉంటుందట. మోటార్‌వే ఎక్కి గట్టిగా తొక్కితే మాత్రం ఎవరో పీక నొక్కినట్టు గిలగిల్లాడుతుందట.

“ఫ్యూయల్ లైన్లోగానీ పంపులోగానీ ఏమైనా మార్చారా డాక్టరుగారూ?” అని అడిగింది అబిగేయిల్.

“ఏం ముట్టలే చెల్లె. వచ్చినప్పుడు ఎట్లుండెనో ఇప్పుడు గట్లనే ఉన్నది,” అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూస్తూనే.

కారుని నిలబెట్టిన చోటే పరుగెత్తించే రోలర్ల మీదికి ఎక్కించి, ఇంజన్‌కి పెట్రోలు అందించే గొట్టానికి ప్రెషర్ గేజి తగిలించింది. టర్బో ఎంత గాలి నెడితే పెట్రోలు ప్రెషర్ కూడా అంత పెరగాలి. పెరగకపోతే లోపల గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, పిస్టన్లు కరిగిపోయేదాకా వస్తుంది. ఊరికే ఆన్ చేసి ఉంచినప్పుడు ముల్లు కదలకుండా నిలబడింది. గట్టిగా తొక్కగానే కాస్త పైకి లేచి, అక్కణ్ణుంచి జారడం మొదలుపెట్టింది. అబిగేయిల్ వెంటనే కాలు తీసేసి, బానెట్ ఎత్తింది.

ప్రెషర్ రెగ్యులేటర్ తళతళలాడుతూ కొత్తగా ఉంది. కంపెనీది కానే కాదు. ఆసుపత్రిలో ఉన్న యుగంధర్‌కి ఫోన్ చేసింది.

“అదా? అది పాత ఓనర్ పెట్టిండు. నాకేం తెల్వదు.”

రెగ్యులేటర్ బాగానే పనిచేస్తోంది. దాని వాక్యూమ్ పైపూ బాగానే ఉంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర వోల్టేజి నిండుగా ఉంది గానీ, వెనక ట్యాంకులోని పెట్రోలు పంపు దగ్గరికి వచ్చేసరికి బాగా పడిపోతోంది. దారిలో ఎక్కడో కరెంటు వృథా అవుతోంది. ఆ వైరు వెనక సీటు కింద నుంచి వెళుతుంది. ఆ సీటు మీద చంటిపిల్లలని కూర్చోబెట్టే సీటు బిగించి ఉంది. దాని మడతల్లో నలిగిన బిస్కెట్ ముక్కలు, ఒక బుల్లి గులాబీ మేజోడు. ఆ పిల్లల సీటు విప్పి పక్కన పెట్టి, కింది సీటు ఎత్తింది.

గుప్పున పెట్రోలు వాసన మొహానికి కొట్టింది. తలుపులన్నీ తెరిచి, బయటికి వెళ్ళి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వచ్చింది.

అక్కడున్న వైరు కాలింగ్ బెల్లుకి వాడేంత సన్నది. సోల్డరింగ్ లేదు, మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు పెట్రోలు ఆవిరికి నాని జారిపోతోంది. పంపు దించే ట్యాంకు మూత చుట్టూ బాత్రూముల్లో పూసే తెల్ల సిలికాన్ దట్టంగా పూశారు. అది పెట్రోలుకి కరిగి చీమిడిలా సాగుతోంది. అబిగేయిల్ గ్లవ్‌కి అంటుకుని వదల్లేదు.

ఆ తర్వాత కారు స్టార్ట్ చెయ్యలేదు. గ్యారేజీ యజమాని నోయెల్‌ని పిలిచి, ఇద్దరూ కలిసి ట్యాంకు మూత తీశారు. పంపు బయటికి వచ్చింది. పంపుని పైమూతకి కలిపే ముక్క ఇంజన్ చల్లబరిచే నీళ్ళకి వాడే రబ్బరు గొట్టం. పెట్రోల్లో నాని నాని ఉబ్బి, పక్కన నోరు తెరుచుకుని, నల్లటి జిగురు కారుస్తోంది. గట్టిగా తొక్కినప్పుడల్లా పెట్రోలు ఇంజన్‌కి వెళ్ళకుండా ఆ చీలికలోంచి మళ్ళీ ట్యాంకులోకే చిమ్ముతోందన్న మాట. అడుగంతా నల్ల మడ్డి.

నోయెల్ వంగి చూసి, “ఈయన మనుషులకి మత్తిచ్చే డాక్టరంటావా?” అన్నాడు.

సాయంత్రం యుగంధర్ భార్య యోగితతో కలిసి వచ్చాడు. అబిగేయిల్ విప్పిన భాగాలన్నీ బల్ల మీద పరిచి ఉంచింది. ఆయన వాటికేసి ఒకసారి చూసి భుజాలెగరేశాడు.

“పాత ఓనరే చేసి ఉంటడు. వాడు ఉత్త పనికిమాలినోడు.”

యోగిత మాత్రం రబ్బరు గొట్టాన్ని వేలితో తాకబోయి ఆగింది.

“ఇది మనింట్లదే గదా? కిచెన్ కత్తెరతో కోసినవ్. మిగిలింది ఇంకా మన కిచెన్ అల్మారలనే ఉన్నది, పప్పు డబ్బాల ఎనక.”

అబిగేయిల్ చంటిపిల్లల సీటు వైపు చూసి, “దీన్ని ఎవరికోసం బిగించారు మేడమ్?” అంది.

“మా హాసినికి. పొద్దున క్రెష్‌కి ఈ కారులనే తీస్కపోతడు. రోజూ ఆడికి పోంగనే కక్కుతది. కార్ పడ్తలేదని సిరప్ ఇచ్చిండు. నాకు జలుబుతోటి వాసనలు తెల్వయి.” ఆమె భర్త వైపు తిరిగింది. “నీకు తెల్సా? వాసన వస్తున్నదని నీకు తెల్సా?”

“కిటికీ దించుతనే ఉన్న గదా,” అన్నాడు యుగంధర్. “గింత వాసన ఏ ట్యూన్డ్ బండికైనా ఉంటది.”

అబిగేయిల్ ఆ మనిషి చేతులవైపు చూసింది. శుభ్రమైన చేతులు. గోళ్ళు కూడా పొట్టిగా, నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఆ చేతులే ఇన్నాళ్ళూ పాపకి సిరప్ పట్టి, ఆ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాయి. ట్యాంకులోని మడ్డిని ముట్టుకున్నప్పటికంటే ఇప్పుడే ఆమెకి ఎక్కువ రోత పుట్టింది.

“ఆ సీటు నాకొద్దు, పారేయండి,” అంది యోగిత. లూయస్ ట్రామ్ ఎక్కుతానని చెప్పి, ఆయన కోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

అయినా పని చేసి పెట్టింది అబిగేయిల్. ట్యాంకు దింపి కడిగింది. కొత్త ఫిల్టర్, పెట్రోల్లో మునిగినా చెడని సరైన గొట్టం, లావుపాటి వైరు, దానికో రిలే స్విచ్చు, మూతకి కంపెనీ రబ్బరు రింగు వేసింది. మళ్ళీ రోలర్ల మీద పరుగెత్తిస్తే ముల్లు ఎంత పెరగాలో అంత పెరిగి, చివరిదాకా వణక్కుండా నిలబడింది. ఇంకెవరి కారైనా అయితే ఆ ముల్లుని చూసి ఈల వేసేది.

కారు తీసుకోవడానికి వచ్చిన యుగంధర్ పాత గొట్టం గురించి ఒక్క మాటా అడగలేదు. కంప్యూటర్ తెరమీది గ్రాఫుని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు.

“ప్రెషర్ నిలబడ్డది గదా చెల్లె, ఇంక టర్బో బూస్ట్ పెంచుదామా?”

అబిగేయిల్ తాళాలు నోయెల్ చేతిలో పెట్టి, వాష్‌రూమ్‌కి వెళ్ళి చాలాసేపు చేతులు రుద్దుకుంది. నోయెల్ బూస్ట్ పెంచలేదు. ఇంకోచోట పెంచేవాడు దొరుకుతాడని మాత్రం ఇద్దరికీ తెలుసు.

అంతకు ముందే ఆమెకి ఎక్కడైనా పనిచేసుకోనిచ్చే స్టాంప్ ఫోర్ అనుమతి వచ్చింది కాబట్టి, ఉద్యోగం మారడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వేసవి చివరికి ఒక బస్సు డిపోలో చేరిపోయింది. “నీలాంటిదానికి డీజిల్ బస్సులేంటే?” అని స్నేహితులు నవ్వారు. “డ్రైవర్లు వచ్చి, నిన్న స్తంభానికి గీశాను, బ్రేకు కూడా లాగుతోంది చూడమ్మా అని చెబుతారే. నాకది చాలు,” అంది.

ఆ చలికాలంలో ఇండియన్ షాపులో కూరగాయల దగ్గర యోగిత ఎదురైంది. పక్కన హాసిని ట్రాలీ పట్టుకుని ఊగుతోంది.

“ఇప్పుడు బస్సులనే తీస్కపోతున్న. ఒక్కసారి గూడ కక్కలే,” అంది యోగిత. తర్వాత గొంతు తగ్గించింది. “ఆయన ఇంకా పెద్ద పంపు ఆర్డర్ పెట్టిండు. పార్సిల్ మా ఇంటి గ్యారేజ్‌ల పడుండే, నిన్ననే విప్పిండు.”

అబిగేయిల్ మొహం ముడుచుకుపోయింది. ఆ మొహాన్ని యోగిత చూసింది, కళ్ళు తిప్పుకుంది. హాసిని కొత్తిమీర కట్ట ఒకటి తీసి అబిగేయిల్‌కి అందించి, “Smell it, it's lovely,” అంది.

అబిగేయిల్ వంగి వాసన చూసింది.