రాజన్న బుగ్గకు కలిపిన జీపీఎస్

సోమవారం వస్తే మా బావ ఇప్పటికీ నా ముఖం చూడడు. ఒక్క ఎర్ర వైరుతో ఆయన సుఖాన్ని నేనెలా సర్వనాశనం చేశానో చెబుతాను. మీరు నవ్వండి, ఆయన ముందు మాత్రం వద్దు.

బావకు సిరిసిల్లలో ఒక ట్రాలీ ఆటో ఉంది. మరమగ్గాల మీద నేసిన బట్ట తాన్లను కోరుట్లలో ఒక సేటు దుకాణానికి చేరుస్తాడు. "బండి ఏడున్నదో నా ఫోన్‌ల కనవడాలె. లేకుంటె కిరాయి ఇంకొకనికిస్త" అన్నాడు సేటు. అక్క ఇల్లు నడిచేదే ఆ కిరాయి మీద. నేను ఉండేది జగిత్యాలలో. వెంటనే ఒక జీపీఎస్ డబ్బా కొని ఆదివారం సిరిసిల్లలో దిగాను.

"మెకానిక్‌ను పిలుద్దామారా?" అన్నాడు బావ అనుమానంగా.

"నేనుండంగ మెకానిక్ ఎందుకు బావా? రెండే వైర్లు!"

ఏ డబ్బా చూసినా లోపల ఏముందోనని నాకు చేతులు దురదపెడతాయి. మా ఇంట్లో గడియారం, మిక్సీ ఆ దురదకే బలయ్యాయి. బావ ఎప్పటిలాగే డాష్‌బోర్డు మీది రాజన్న దేవుడి ఫొటోకున్న చిన్న బల్బు, అదే మా వైపు బుగ్గ అంటాం, వెలిగించి, దండం పెట్టి, ఆ తర్వాతే తాళం తిప్పాడు. నేను కింద తల దూర్చాను. వైర్లు చిక్కుపడ్డ నూలులా ఉన్నాయి. టెస్ట్ లైటు సూదితో గుచ్చుతూ పోతే ఒక ఎర్ర వైరు దగ్గర లైటు వెలిగింది. లోకంలోని అన్నిటి గురించీ ఆరా తీసే నాకు, ఈ వైరు ఎక్కడికి పోతోందన్న ప్రశ్న మాత్రం రాలేదు. డబ్బాను దానికే కలిపి టేపు చుట్టేశాను. డబ్బా పచ్చగా మెరిసింది. అక్క ఫోన్లోనూ సేటు ఫోన్లోనూ బండి కనిపించింది. గర్వంతో ఆ పూట నాకు ఆకలి కూడా వేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం జగిత్యాలలో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, బండి మాయమైందిరా! కోరుట్ల ఇవతల ఆగింది, గంతే, మల్ల కనవడతలేదు. మీ బావ ఫోన్ ఎత్తుతలేడు!"

ఆ వెంటనే సేటు. "ఏమయ్యా, నా తాన్లేవి? ఎవడన్న ఎత్తుకపోయిండా ఏంది?"

నిజం చెప్పాలంటే బావ ఏమయ్యాడోనని భయమేసింది. అయినా డబ్బాకు ఏమైందో చూడాలన్న ఆత్రమే నన్ను ముందు బైకెక్కించింది.

బండి చివరగా కనిపించిన చోట రోడ్డు పక్కన ఒక హోటల్, దాని వెనక నీడలో మా ట్రాలీ. తాన్లు భద్రంగా ఉన్నాయి. "బండి దొరికిందక్కా, సూడు!" అని సంబరంగా వీడియో కాల్ చేసి, ఫోన్ ముందుకు పట్టుకునే హోటల్లోకి నడిచాను.

లోపల బావ. ముందు మటన్ కూర, చేతిలో మూలుగ బొక్క. సోమవారం మాంసం ముట్టనని రాజన్న గుడిలో అక్కకు మాటిచ్చిన మనిషి!

"ఇయ్యాల సోమవారం గదా! నీ చేతిల ఏందది?" ఫోన్లోంచి అక్క గర్జించింది.

బావ బొక్కను వీపు వెనక దాచి నన్ను చూశాడు. "దేవుడు సూడొద్దని బుగ్గ సుత ఆర్పి అచ్చిన గదరా! నీకెట్ల ఎరుకైంది?"

బండి దగ్గరికి పరిగెత్తాను. బుగ్గ వేస్తే డబ్బా పచ్చగా మెరిసింది. ఆర్పితే చచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆర్పాను. అవతల ఒక సంసారం తగలబడుతుంటే నాకు మాత్రం భలే ముచ్చటేసింది. నేను కలిపింది రాజన్న బుగ్గ వైరుకన్నమాట!

తాన్లు కోరుట్ల చేరాయి, సేటు చల్లబడ్డాడు. సాయంత్రం సిరిసిల్లలో తప్పు సరిదిద్దుదామని స్క్రూడ్రైవర్ తీశాను.

"ముట్టకు!" అంది అక్క. "గట్లనే ఉండనియ్యి. బుగ్గ వెలిగితె సేటుకు బండి కనవడ్తది. ఆరితె మీ బావ ఏడ కూసున్నడో నాకెరుకే."

బావ నా వైపు తిరిగి నిట్టూర్చాడు. "దేవుడైతె మాఫ్ జేసెటోడు బామ్మర్దీ. నువ్వు గా దేవుణ్ని తీస్కపోయి మీ అక్క ఫోన్‌ల వెట్టినవ్."

అందుకే స్క్రూడ్రైవర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎక్కడికి పోతుందో తెలియని ఎర్ర వైరును ఈ జన్మలో ముట్టను. ఆదివారం నాడైతే అసలే ముట్టను, మర్నాడు సోమవారం కదా.