ఎనిమిది రోజులు రాశిలో దాగిన గొలుసు

నేను రాసిన మొదటి నవల పిల్లల డిటెక్టివ్ కథ. చివరి నవల కూడా అదే. ఎనభైల్లో డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడాది రాశాను. విజయవాడలో ఒకాయన అచ్చు వేశాడు. అట్ట మీద టార్చిలైటు పట్టుకున్న అమ్మాయి బొమ్మ. నవల మొత్తంలో చీకటి పడిన సన్నివేశం ఒక్కటి లేదు, ఆ టార్చి ఎందుకో ఆయనకే తెలియాలి.

కథ మా ఊళ్ళోనే జరుగుతుంది. ఒక రైతు ఇంట్లో గొలుసు పోతుంది. పదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల ఎనిమిది రోజులు అందర్నీ ఆరా తీసి, కల్లంలో పనిచేసే కూలీ మనిషి దాన్ని ఎండుమిరపకాయల రాశిలో దాచిందని పట్టుకుంటుంది. ఆఖరి పేజీలో కూలీ మనిషి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. పిల్ల పెద్ద మనసు చేసుకుని క్షమించేస్తుంది. ఆ పేజీ రాస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అచ్చయిన రెండు నెలలకు పాఠకుల ఉత్తరాలు ఓ పది, ప్రచురణకర్త కవర్లో పెట్టి పంపాడు. ఒక్కటీ మెచ్చుకున్నది కాదు. దొంగెవరో మూడో అధ్యాయంలోనే తెలిసిపోయిందని ఒకరు. ఒంగోలు నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి అయితే, "అక్కా, మీ డిటెక్టివ్ ఏం కనిపెట్టింది? అందర్నీ కసిరింది, అంతే కదా" అని రాసింది. నాకు తల తీసేసినట్టయింది. పైకి మాత్రం, వీళ్ళకు పల్లెటూరి కథ ఏం అర్థమవుతుందిలే, మా కల్లంలో వాళ్ళు చదివితే అప్పుడు చెప్తాను అనుకున్నాను.

నా పొగరుకు ఒక కారణం ఉంది. ఆ కథకు మూలం మా కల్లంలోదే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ రాళ్ళదుద్దు ఒకటి అక్కడ జారిపోయింది. మర్నాడు పొద్దున కాయలు పరుస్తుంటే ఒకావిడకు దొరికింది. మా పొలానికి ఏటా వచ్చే మనిషే. దాన్ని కొంగున ముడేసుకుని, అమ్మ వచ్చేదాకా ఎవరికీ చెప్పకుండా ఉండి, అమ్మ చేతిలోనే పెట్టింది. రాళ్ళన్నీ ఉన్నాయో లేదో అని అమ్మ దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుంది. నవల రాసేటప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. కానీ దొరికిన వస్తువు ఇచ్చేస్తే ఇక అందులో మిస్టరీ ఏముంది? అందుకని ఇచ్చిన మనిషినే దొంగను చేశాను. అదేదో గొప్ప తెలివి అనుకున్నాను.

ఉత్తరాలు వచ్చిన ఆ ఫాల్గుణంలో ఆడవాళ్ళంతా పందిరి కింద కూర్చుని తాలుకాయలు, అదే రంగు పోయిన తెల్లకాయలు, ఏరుతున్నారు. దుద్దు ఇచ్చిన ఆవిడ కూతురు అప్పుడు పదో తరగతి. వాళ్ళందరికీ చదివి వినిపిస్తానని నా పుస్తకం అడిగి తీసుకుంది.

"అక్కా, చదివినాక నేనే ఉంచుకోనా?" అంది.

ఉంచుకోమన్నాను.

నాలుగు మధ్యాహ్నాలు చదివింది. "మన కల్లమేనే!" అని ఆడవాళ్ళు మురిసిపోయారు. దొంగ బావమరిదేనని కొందరు, కాదు కొత్తకోడలని కొందరు అరుచుకున్నారు. నేను రోజూ టీ తెచ్చే వంకన వెళ్ళి గుంజకు ఆనుకుని నిలబడేదాన్ని. ఉత్తరాల సంగతి ఎలా ఉన్నా, ఆ దుద్దు ఇచ్చినావిడ ఒక్కతి బాగుందంటే చాలనిపించేది.

అయిదో రోజు ఆఖరి అధ్యాయం. చదువుతున్న పిల్ల గొంతు తగ్గిపోతూ వచ్చింది. కాళ్ళ మీద పడే చోట ఆగిపోయింది. ఒక ముసలావిడ మాత్రం పగలబడి నవ్వింది.

"ఎనిమిది రోజులు రాశిలో ఉందా! మరి రోజూ పొద్దున్నే కాయ పరిచేదెవురు? సాయంత్రం మళ్ళీ రాశి పోసేదెవురు? మొదటి పూటే కాలికి తగిలేది గదమ్మా!"

అందరూ నవ్వారు. ఆ కల్లం పక్కనే పుట్టి పెరిగాను. నీడలో కూర్చుని పుస్తకాలు చదివాను తప్ప, కాయలు ఎలా ఎండుతాయో ఒక్కరోజూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

దుద్దు ఇచ్చినావిడ నవ్వలేదు. తలెత్తకుండా కాయలు ఏరుతూనే ఉంది. నా నోరు ఊరుకోలేదు. "నీకెట్టా ఉంది?" అని అడిగాను.

"నాకేం తెలుసుద్ది అమ్మాయిగారూ," అంది. ఇంకో తాలుకాయ ఏరి పక్కన పడేసి, "ఆ దుద్దు నేను ఇయ్యకుండా ఉంటే మీ కథ బాగా కుదిరేదేమో," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా నాకు కొంత నయంగా ఉండేది. క్షమించడం గురించి అంత అందంగా ఒక పేజీ రాసినదాన్ని, క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

పిల్ల పుస్తకం మూసింది. అట్ట మీది కారం దుమ్ము ఓణీతో శుభ్రంగా తుడిచి, లేచి వచ్చి నా చేతికి ఇచ్చేసింది.