తోట నడుమ పిలకలు

పంటకాలువ మా ఊరికి వచ్చిన కొత్తలో పొలంలో ఏ మొక్క చచ్చినా నేరం కాలువదే. మా అరటితోటలో ఆకులు పసుపు తిరిగి చెట్లు వాలిపోతుంటే నాన్న “నీరెక్కువైంది” అని తేల్చేశారు. ఆయన అన్నాక ఇంకెవరూ మాట్లాడకూడదు. నాకు అప్పటికే పెళ్ళయింది, మీసాలొచ్చాయి, నోరు మాత్రం రాలేదు.

మా పాలేరుకు అనుమానం. ఒకరోజు నన్ను తోటలోకి తీసుకెళ్ళి, కాలువ గట్టు పక్కనున్న చెట్టొకటి పట్టి లాగాడు. నల్లబడిన వేళ్ళతో, బురదతో దుంపంతా పైకొచ్చింది. కోస్తే లోపల తెల్లగానే ఉంది. తర్వాత తోట నడుమ, మెరక మీదున్న చెట్టు లాగాడు. అది మొదలు దగ్గర పుటుక్కున తెగి, దుంప భూమిలోనే ఉండిపోయింది. తవ్వి కోస్తే గోధుమరంగు జిగురు, చచ్చిన ఎలుక కంపు.

“గట్టు పక్కది నీళ్ళ జబ్బండి బాబూ, బోదె తీసి నీళ్ళు బయటికి పోనిస్తే తేరుకుంటాది. ఇది కుళ్ళండి. దీని పిలక ఎక్కడ నాటితే అక్కడికీ పోద్దండి. పిలకలు తీయాలంటే గట్టు పక్కవే తీయాలండి.”

నాన్నకు చెప్పాను. “వాడెప్పుడు నీకు గురువయ్యాడు?” అన్నారు.

ఆ వారంలోనే మేనత్త వచ్చింది. నాన్నకు చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోయాడు. అత్తవారు మనోవర్తి కింద పడేసిన చిన్న పొలం చెక్క తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. అందులో అరటి వేసుకుంటానంది. మా ఇంట ఆడపడుచు అడిగితే పిలకలు తోట నడుమ నుంచే తీసివ్వాలి. గట్టు పక్కవి ఇస్తే పుట్టింటికి పరువు తక్కువ. నాన్న నడుమవే తీయించారు. బండికెత్తుతుంటే నేనక్కడే ఉన్నాను. ఆ కంపు ముక్కుకు తగులుతూనే ఉంది. నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

నాలుగు నెలల్లో అత్తయ్య చెక్కలో ఒక్క చెట్టూ మిగల్లేదు. మా తోట నడుమ కూడా కుళ్ళి ఖాళీ అయింది. పాలేరు మాట నిజమని నాన్నకు అప్పుడు తెలిసింది, ఒప్పుకోలేదంతే. అత్తయ్య మూట సర్దుకుని మా వంటింట్లో చేరింది. విధవ చెయ్యి తగిలి తోట పోయిందని ఊరంతా అంది. ఆవిడా నమ్మింది.

ఒక సాయంత్రం మా ఆవిడ బెండగింజలిచ్చి పెరట్లో పెట్టమంటే అత్తయ్య చేతులు వెనక్కి తీసుకుంది.

“నా చెయ్యి మంచిది కాదే అమ్మాయ్, నువ్వే పెట్టుకో.”

నాన్నా నేనూ అరుగు మీద ఉన్నాం. అత్తయ్య మావైపు చూసింది.

“అదీ నిజమేలే” అన్నారు నాన్న.

నేనూ తలూపాను.