మల్లేశ్ తోలుడుల తప్పు లేదు

ఆరేండ్లైంది ఇది కడుపుల పెట్టుకొని. ఇంట్ల కూడ చెప్పలే. ఇయ్యాల నీకు చెప్తున్న. మధ్యల ఆపకు, ఆపితే మళ్ల చెప్పలేను.

ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద నాది మెకానిక్ షెడ్డు. మల్లేశ్ అని ఒక డ్రైవర్ ఉండె. కొంగరకలాన్ దిక్కు ప్లాట్ల చుట్టూ పాతే రాతి కడీలు మోసే పికప్ తోలెటోడు. బండి మల్లేశ్‌ది కాదు, ఓనర్ వేరే. ఒకసారి ఎనక లోడు మోసే కమాన్ కట్టల ఒక ఇనుప పట్టా ఇరిగితే నేనే మార్చిన. వారం తిరగకముందే మల్లేశ్ మళ్ల వచ్చిండు. గుంతల పడితే చాలు, ఎనక లొడక్ మంటుందన్నడు.

బండి కిందికి దూరిన. బుష్షులు మార్చిన. షాకప్‌లు ఊడదీసి చూసిన. పోయిండు, మర్నాడు వచ్చిండు, సప్పుడు పోలేదని. మళ్ల దూరిన. మళ్ల పంపిన. మళ్ల వచ్చిండు! నాకు తిక్క లేసింది. ఏం మనిషిరా బై, చెవులల్ల ఏమన్న దూరిందా అనుకున్న. అన్నీ చూసిన గని, కమాన్ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టుల మీద మాత్రం పానా పెట్టలే. ఎందుకు పెడ్త? నేను బిగించినయే గదా! నా పని నేనే మళ్ల చూసుకునుడంటే నామోషీ గాదా?

నాలుగోసారి ఓనరే వచ్చిండు, మల్లేశ్‌ను ఎంబడేసుకొని. లోడ్లు ఆగుతున్నయని మస్తు కోపంగున్నడు. ఏమైందని నన్నడిగిండు.

"బండిల ఏం లేదన్నా. తోలుడుల ఉంది," అన్న.

మల్లేశ్ నా మొఖం చూసిండు. ఆ సాయంత్రమే ఓనర్ తాళంచెవి గుంజుకున్నడట.

నాలుగు దినాలకు కొత్త డ్రైవర్ అదే సప్పుడు చెప్పిండు. గప్పుడు పెట్టిన పానా. పెట్టుడు కూడ దండగే, నట్టు చేత్తోనే తిరిగింది. యాదికొచ్చింది. పట్టా మార్చిన దినం ఊకనే చేత్తో తిప్పి, అన్నం తినొచ్చి గట్టిగ బిగిద్దామనుకున్న. తిన్న. బిగియ్యలే. ఛీ, నా బతుకు! నిమిషం పని.

బిగించిన. సప్పుడు పోయింది. నోరు మాత్రం ఇప్పలే. ఎందుకు ఇప్పలేదు? షెడ్డు పేరు పోతదనుకున్ననా, ఓనర్ ముంగట చిన్నగైతననుకున్ననా, లేక మల్లేశ్‌కు ఇంకో బండి దొరుకుతది లే అని నన్ను నేనే జోకొట్టుకున్ననా? దొరకలే. డ్రైవర్ పోయిండు, సప్పుడు పోయిందని ఓనర్ ఇప్పటికీ నలుగుట్ల చెప్తడు. నేను పక్కన నిలబడి చాయ్ తాగుత. పైనుంచి నవ్వుత కూడ. గసొంటి డ్రైవర్‌కు బండి ఎవరిస్తరు? కడీల బండి తోలినోడు ఇప్పుడు కడీలు ఎత్తుతుండు.

పోయిన నెల మల్లేశ్ షెడ్డు ముంగట ఆగిండు.

"అన్నా, గా సప్పుడు ఏందో దొరికిందా?"

గొంతుల కోపం లేదు. తిట్టినా బాగుండు. నిజంగనే తెలుసుకుందామని అడుగుతుండు.

"లేదు," అన్న.

"నేను మెల్లగనే తోలిన అన్నా," అన్నడు. పోయిండు.

మెల్లగనే తోలినవ్ మల్లేశ్. నట్టు నేనే బిగియ్యలే.

ఇగో, అనేసిన. ఆయనకు చెప్పాల్సింది నీకు చెప్పిన, తెలుసు. అయినా గీ ఒక్క మాట నోట్లకెల్లి బయటికి రానీకె ఆరేండ్లు పట్టింది.