లేచిన వేళ

మా మేడమ్ పోయారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ వస్తున్నాను. ఒళ్ళో రక్తం నమూనాలున్న ఐస్ పెట్టె ఉంది. గీదం దాటాక ఫోన్‌కి సిగ్నల్ అందింది, అందగానే మోగింది. ల్యాబ్‌లో నా తర్వాత చేరిన అమ్మాయి. "అక్కా, మేడమ్ ఇక లేరు. పొద్దున ఏడింటికి" అంది. ఆ వెంటనే "పెట్టెలో ఐస్ ఉందా అక్కా?" అని అడిగింది. పక్కసీటు వాళ్ళు వింటే ఎంత రాతిగుండె పిల్ల అనుకునేవారు. కానీ ఆ ప్రశ్న మేడమ్ నేర్పిందే. ఎంత పెద్ద కబురు చెప్పినా ఆవిడ మొదట ఐస్ సంగతే అడిగేవారు. మూత తీసి చూసి "ఉంది" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

మీలో ఆవిడ గురించి విన్నవాళ్ళు ఎక్కువమంది ఉండరు. జగదల్‌పూర్‌లో పెద్దాసుపత్రి ఆవరణలో రెండు గదుల పరిశోధనశాల ఆవిడది. డిప్రెషన్ వచ్చిన మనిషి ఒంట్లో, కంటికి కనిపించని అణువుల దగ్గర, ఏం మారుతుందో వెతకడం ఆవిడ పని. సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్ళకీ, షుగర్ ఉన్నవాళ్ళకీ డిప్రెషన్ కూడా తోడు ఎందుకు వస్తుందన్నది ఆవిడ రెండో ప్రశ్న. బెంగపడ్డప్పుడు మన రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. రక్తకణాల్లో దాన్ని అందుకునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. బెంగ నెలల తరబడి వదలకపోతే ఆ అందుకునే చోట ఏం చెడుతుంది? పాతికేళ్ళపాటు ఆవిడ ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు.

నేను భోపాలపట్నంలో దుకాణం వాళ్ళ పిల్లని. ఆవిడ కిరండూల్‌లో ఇనుప గని ఉద్యోగి కూతురు, వాళ్ళ సొంతూరు విజయనగరం వైపు. ఇద్దరివీ తెలుగులే, కానీ మొదటి వారం ఒకరి మాట ఒకరికి సగమే ఎక్కింది. చేరిన రోజు నేను "ఏంది మేడమ్?" అంటే ఆవిడ తలెత్తకుండా, "మీ ఏంది, మా ఏటి తర్వాత చూద్దాం. ముందు చేతులు కడుక్కో" అన్నారు. బయటివాళ్ళతో హిందీ, వార్డులో ముసలివాళ్ళతో అక్కడి హల్బీ భాష, కోపం వస్తే మాత్రం అచ్చంగా విజయనగరం.

కోపం తొందరగానే వచ్చేది, అంతే తొందరగా పోయేది. నమూనా గొట్టాల మీద పెన్నుతో రాస్తే ఊరుకునేవారు కాదు. ఫ్రీజర్ చలికి, స్పిరిట్ తడికి సిరా పోతుంది, పెన్సిల్ గీత పోదు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. దాన్ని చెవి మీదే ఉంచుకుని బల్ల కింద వెతుక్కునేవారు. మేము చెప్పేవాళ్ళం కాదు. గాజు సామాను కడగడం ఎవరికీ అప్పగించలేదు. కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే తన శాలువా తీసి ఫ్రీజర్‌కి కప్పేవారు. శాలువాతో ఏమవుతుంది మేడమ్ అంటే, "దానికేమవుతుందో గానీ నాకు నిమ్మళంగా ఉంటాది" అనేవారు.

ఆవిడ ఈ పనిలోకి ఎందుకు వచ్చారో ఒక్కసారే చెప్పారు. రక్తం గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగేదాకా ఎదురుచూస్తూ, దాని మీద చెయ్యి పెట్టుకుని చెప్పారు. కిరండూల్ క్వార్టర్‌లో వాళ్ళమ్మ ఒక రోజు బట్టలు మడత పెడుతూ మధ్యలో ఆపేసి, గోడకేసి తిరిగి కూర్చున్నారట. తర్వాత కొన్నేళ్ళు అలాగే. నాన్న షిఫ్టు నుంచి వచ్చి, ఎర్ర దుమ్ము కడుక్కుని అన్నం వండేవాడట. "ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా అమ్మని పెద్ద బద్ధకస్తురాలు అనేవారమ్మా. కాలు విరిగితే అంటారేటి అలా? ఇది కూడా ఒంట్లోనే విరిగింది. ఎక్కడ విరిగిందో చూపిస్తే నోరు మూస్తారు కదా." సెంట్రిఫ్యూజ్ ఆగింది, మూత తీశారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ విరిగిన చోటు దొరికిందని మేమంతా అనుకున్న ఏడాది ఒకటుంది.

ఆవపల్లి వైపు ఊళ్ళలో, చాలాకాలంగా డిప్రెషన్‌తో ఉన్నారని డాక్టర్లు గుర్తించిన వాళ్ళ రక్తం తేవడం నా పని. పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం జగదల్‌పూర్‌లో తీసేవాళ్ళం. కార్టిసాల్ నిద్ర లేచిన కాసేపటికి బాగా పెరిగి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. అందుకని అందరికీ పొద్దున ఎనిమిదింటికే రక్తం తీయాలని నియమం. నేను సైకిల్ మీదా, సైకిల్ పోనిచోట నడిచీ వెళ్ళాను. ఒక్క నిమిషం తేడా లేకుండా ప్రతి కాగితం మీదా 'ఉదయం 8' అని రాశాను. అంత ఖచ్చితంగా పనిచేసినందుకు నా మీద నాకే ముచ్చటేసింది.

ఫలితం చూసి మేడమ్ కుర్చీలోంచి లేచారు. ఊళ్ళనుంచి తెచ్చిన రక్తంలో కార్టిసాల్ బాగా తక్కువ, దాన్ని అందుకునే ప్రోటీన్‌లోనూ తేడా ఉంది. ఆవిడ వేరే పరీక్ష కిట్‌తో మళ్ళీ చేయించారు. అదే వచ్చింది. వ్యాసం రాసి పంపాం, సైన్సు పత్రిక వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ రోజు ఆవిడ మా అందరికీ జిలేబీ తెప్పించారు. వాళ్ళమ్మ ఫొటో ఒకటి పర్సులోంచి తీసి చూసుకుని మళ్ళీ పెట్టేసుకున్నారు. నేను చూశానని ఆవిడకు తెలియదు.

వ్యాసం అచ్చుకు వెళ్ళాల్సి ఉండగా నేను నాలుగు రోజులు ఇంటికెళ్ళాను. చైత్రం వచ్చింది, దుకాణమంతా ఇప్పపువ్వు వాసన. ఒకామె గంపెడు పువ్వు దింపి, గోడకి చేరగిలబడి ఆవులించింది. అమ్మ నీళ్ళిస్తూ, "గింత నిద్ర మొహమేందే, ఎప్పుడు లేసినవ్?" అంది.

"కోడి కుయ్యకముందే లేసినమ్మా. ఆలస్యమైతే పశువులు తినిపోవా? ఇప్ప రాలే కాలంల ఊళ్ళె ఎవరు పండుకుంటరు?"

నిరుడు నేను రక్తం తీసింది సరిగ్గా ఆ కాలంలోనే. వాళ్ళంతా మూడింటికో మూడున్నరకో లేచి, చెట్ల కింద వంగి వంగి ఏరి, గంపలు ఇంటికి చేర్చుకుని నా దగ్గరికి వచ్చారు. నా ఎనిమిది గంటలు వాళ్ళకు ఇంచుమించు మధ్యాహ్నం. జగదల్‌పూర్ వాళ్ళు ఆరున్నరకి లేచినవాళ్ళు. తక్కువ కనిపించడంలో జబ్బు వాటా ఎంతో, ఇప్పపువ్వు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? మేడమ్ పెరిగింది గని కాలనీలో, ఆవిడకు తెలియకపోవచ్చు. నేను ఆ పువ్వు బస్తాల మీద ఆడుకుంటూ పెరిగినదాన్ని. నాకు తెలియదా? తెలిసినదాన్నే గడియారం చూసి మర్చిపోయాను.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. నేను వెంటనే చెప్పలేదు. మూడు వారాలు దాచాను. ఆవిడ సంతోషం చూసి దాచానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం పిరికితనం. రోజూ ల్యాబ్‌కి వెళ్ళేదాన్ని, అన్నం సయించేది కాదు. చివరికి ఒక పొద్దున, ఆవిడ గాజు సామాను కడుగుతుంటే వెనక నిలబడి చెప్పేశాను.

"తప్పైంది మేడమ్. వాళ్ళు మూడింటికే లేస్తరు. నాకు తెల్సు. తెల్సి కూడా రాయలె."

కుళాయి కట్టేశారు. "మొత్తం అందరూనా?"

"అందరూ మేడమ్. ముసలోళ్ళు కూడ."

చాలాసేపు బీకర్‌ని గుడ్డతో తుడుస్తూ ఉన్నారు. అది ఎప్పుడో ఆరిపోయింది. "యంత్రం అబద్ధం చెప్పదమ్మా. మనమే దాన్ని తప్పు ప్రశ్న అడిగీసాం" అన్నారు. అప్పుడే కూర్చుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశారు. పక్క విభాగం పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఎవరికి తెలుస్తుంది, అచ్చు కానివ్వండి, తర్వాత చూసుకోవచ్చు అన్నాడు. "ఇద్దరికి తెలిసిపోయింది కదండీ" అని ఊరుకున్నారు ఆవిడ. నన్ను ఒక్క మాట అనలేదు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వానాకాలం మళ్ళీ మొదలుపెట్టాం. కాగితంలో కొత్త గడి చేర్చారు. 'లేచిన వేళ' అని. ఊళ్ళలో గడియారం ఎవరికుంది? అందుకని గంట అడగొద్దు, లేచినప్పుడు ఏం కనిపించిందో, ఏం వినిపించిందో అడిగి అదే రాయమన్నారు. ఒక్కో ఊళ్ళో ముందురోజే వెళ్ళి పడుకుని, ఏ కోడి ఎప్పుడు కూసిందో, వేగుచుక్క ఎప్పుడు పొడిచిందో నా గడియారంతో సరిచూసుకునేదాన్ని. ఆవపల్లి దగ్గర ఒకామె చెయ్యి చాపుతూ నవ్వింది. "పోయినేడు ఇప్ప కాలంల తీస్కపోయినవు, అప్పుడడగలె. ఇప్పుడు పండుకునే కాలంల అడుగుతున్నవా బిడ్డా?" అంది. చదువుకున్నదాన్ని కదా, తల వంచుకుని సూది గుచ్చాను.

జగదల్‌పూర్ వాళ్ళ రక్తం ఈసారి మేడమే స్వయంగా తీశారు. వేళలు సరిచేసి లెక్క కట్టాక, ముందు చూసిన తేడా చాలావరకు కరిగిపోయింది. కొద్దిమందిలో మాత్రం ఏదో మిగిలింది. అది నిజమో కాదో ఇంకా తెలియదు. గొప్ప పత్రికలేవీ దానికి చోటివ్వలేదు. ఒక చిన్న పత్రికలో, తప్పు ఎలా జరిగిందో మొదటి పేజీలోనే చెప్పి అచ్చు వేయించారు. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన వాళ్ళంటారు. ఆవిడ ఆ మాటను కొంచెం మార్చి, "దానికి నిలకడ బాగానే ఉందమ్మా, మనకే లేదు" అనేవారు.

తర్వాత ఆవిడ రిటైరయ్యారు. ల్యాబ్ నా చేతికొచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాక ఆదివారాలు వెళ్ళి కూర్చునేదాన్ని. పోయే ముందు వచ్చిన ఆదివారం నన్ను దగ్గరికి పిలిచి ఒక నంబరు చెప్పారు. మా దగ్గర నమూనాలకు పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో తెలుసుకోవడం మహాపాపమని నేర్పింది ఆవిడే.

"అది నాదే" అన్నారు.

అర్థం కాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ వరసలో ఉందా అని అడిగాను. కాదు, రెండోదాంట్లో, జబ్బు ఉన్నవాళ్ళ వరసలో అన్నారు. వ్యాసం వెనక్కి తీసుకున్నాక ఆ వానాకాలమంతా ఆవిడకు నిద్ర లేదట, అన్నం రుచి లేదట, పొద్దున్నే మంచం దిగడం కొండెక్కినంత పని అయ్యేదట. "మా అమ్మలాగే గోడకేసి కూర్చున్నాను ఒక రోజు. అప్పుడు భయమేసింది. డాక్టర్‌కి చూపించుకుని, మాత్రలు మొదలుపెట్టే ముందు నా రక్తం నేనే తీయించుకున్నాను. మళ్ళీ దొరుకుతుందేటి అలాంటి నమూనా?"

ఆ నెలలన్నీ నేను రోజూ ఆవిడ పక్కనే ఉన్నాను. డిప్రెషన్ లక్షణాల పట్టిక నాకు నోటికి వచ్చు. ఎదురుగా ఉన్న మనిషిలో ఒక్కటీ చూడలేదు. "నా వల్లనే కదా మేడమ్" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నీ వల్లా? ఎంత గొప్పదానివే నువ్వు" అని నవ్వబోతే దగ్గొచ్చింది. తేరుకుని, "అది మా అమ్మకీ వచ్చింది, నాకూ వచ్చింది. నువ్వు చెప్పకపోతే అబద్ధం మీద బతికేదాన్ని. అప్పుడు రాదని ఏటి గ్యారంటీ?" అన్నారు. నా చెయ్యి పట్టుకుని రెండు మాటలు చెప్పారు. ఒకటి, తను పోయాక ఈ సంగతి నలుగురికీ చెప్పమని. సిగ్గుపడాల్సింది కాదు, జబ్బు అని. అందుకే ఇదంతా మీకు రాస్తున్నాను. రెండోది, ఆ గొట్టాన్ని దాచుకోవద్దని. "కొత్త కిట్ వస్తే అందరితోపాటు కరిగించీ. పూజగదిలో పెట్టుకోడానికి ఇవ్వలేదు నీకు."

కొత్త కిట్ పోయిన వారం వచ్చింది. ఒకసారి కరిగిన రక్తం మళ్ళీ పనికిరాదు. ఆవిడ ఒంటిది ఈ భూమ్మీద మిగిలింది ఆ కాస్తే. మొదటి రోజు వేరే పనులు పెట్టుకున్నాను, రెండో రోజు యంత్రం తుడిచాను. మూడో రోజు ఫ్రీజర్‌లోంచి నమూనాల పెట్టె బయటికి తీశాను. మంచు తుడిస్తే పెన్సిల్ గీత చెక్కుచెదరలేదు. రిజిస్టర్‌లో లేచిన వేళ గడిలో ఆవిడ చేతిరాత, 'పడుకోలేదు' అని.

మిగతావాటితో పాటే ఐస్ మీద పెట్టాను. కరిగాక పిపెట్ అనే సన్నని గొట్టంతో తీసి, గుంటలున్న ప్లేటులో వరసగా పోశాను. ఒక్క చుక్క కూడా బయట పడనివ్వలేదు, అదొక్కటే నేను ఆవిడకు చేయగలిగింది. కిట్‌లోని మందు చివరి చుక్క వేయగానే గుంటలన్నిటిలో పసుపు రంగు తేలింది, కొన్నిట్లో చిక్కగా, కొన్నిట్లో పలచగా. ఏది ఆవిడదో నాకు తెలుసు. దాని చుట్టూ ఆవపల్లి వాళ్ళున్నారు. యంత్రం అన్నిటినీ ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోయింది, ఆ ఒక్కదాని దగ్గర ఆగకుండా.