‘మన వైపు’ అనేవాళ్ళు

నా భార్య పోయిన నాలుగో రోజు ఢిల్లీలో మా ద్వారక సొసైటీలోని తెలుగువాళ్ళు ముగ్గురు పరామర్శకు వచ్చారు. అప్పటికి ఆమె అస్థికలు శ్మశానంలోని లాకర్‌లో ఉన్నాయి. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. గఢ్ దగ్గర గంగలో కలపమని ఆసుపత్రిలోనే చెప్పింది. రెండు, మూడు గంటల్లో వెళ్ళొచ్చు, అమ్మాయి ఎక్కువ సెలవు పెట్టనక్కర్లేదు అంది.

“గఢ్ ఏమిటండీ, మన వైపు గోదావరి ఉండగా!” అన్నాడు కాకినాడ పెద్దమనిషి. ఆయన ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్ళు.

“మా దిక్కయితే ధర్మపురికి తీస్కపోతరు సార్. అదీ గోదారే,” అన్నాడు కరీంనగర్ ఆయన.

“అక్కడ ఈ నెలలో మోకాలు తడుస్తుందా?”

“మీ దగ్గరికొచ్చేది మేం వాడుకోంగ మిగిలిందే గద సార్!”

గుంటూరు ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. “మన వైపు మనిషిని పరాయి నీళ్ళలో వదలకండి అన్నయ్యగారూ.”

ఈ ఊళ్ళో మనవాళ్ళు సొంతూరి పేరు చెప్పరు. చెబితే చివరిసారి ఎప్పుడు వెళ్ళావని ఎవరైనా అడుగుతారు. ‘మన వైపు’కి ఆ ఇబ్బంది లేదు. దానికి రైలూ లేదు, బస్సూ లేదు. అక్కడినుంచి ఎండుమిర్చి కొరియర్‌లో వస్తుంది, అంతే.

నా భార్య ఆ మాట వాడేది కాదు. తాడేపల్లిగూడెం అని పూర్తిగా అనేది. అక్కడ పెళ్ళికి వెళితే మూడో రోజుకే “ఇంటికి పోదాం” అని సంచి సర్దేది. ఇల్లంటే ద్వారక.

కాకినాడ ఆయన్ని అడిగాను: “మీ నాన్నగారివి ఎక్కడ కలిపారు?”

ఆయన టీ కప్పులోకి చూశాడు. “హరిద్వార్‌లో. అప్పుడు టికెట్లు దొరకలేదు.”

“అచ్ఛా!” అన్నాడు కరీంనగర్ ఆయన. ఆ తర్వాత ఎవరూ నదుల మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున అమ్మాయీ నేనూ శ్మశానానికి వెళ్ళాం. అస్థికలు ఇచ్చే ముందు గుమాస్తా రిజిస్టర్ తీసి, ఆమె సొంతూరు రాయాల్సిన చోట పెన్ను ఆపాడు.

“గావ్ కౌన్‌సా, అంకుల్?”

నా నోట్లోకి ముందు వచ్చింది ‘మన వైపు’ అన్న మాటే. ముగ్గురినీ అంత ఏవగించుకున్న మనిషిని నేను. దాన్ని మింగేశాను.

“ద్వారక, భయ్యా,” అంది అమ్మాయి.

“గావ్ పూఛా, దీదీ,” అన్నాడు, తను అడిగింది సొంతూరు అన్నట్టు.

“అదే రాయి,” అన్నాను హిందీలో.

రాశాడు. కుండను అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంది. కారును గఢ్ వైపు తిప్పాను.